పాత ఆర్గాన్, కొత్త కంప్యూటర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాత సినిమా పాటల్లో, పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో మనం విన్న ఎలక్ట్రానిక్ ఆర్గాన్ గురించి నాలుగు మాటలు చెబుతాను. ఆ పెట్టెల్లో ఇప్పటికీ పలికేవి తక్కువ. లోపలి కెపాసిటర్లు ఎండిపోతాయి. మన భావనపాడు ఉప్పుగాలికైతే మీటల కింది కాంటాక్టులు చిలుము పట్టిపోతాయి. విడిభాగాలు దొరకవు. అందుకే కొందరు ఇంజనీర్లు ఆ సర్క్యూట్‌నే సాఫ్ట్‌వేర్‌లో మళ్ళీ రాస్తున్నారు.

ఒక్కో మీటనూ రికార్డు చేసుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. 1960ల నాటి చాలా ఆర్గాన్‌లలో మీటకొక ఆసిలేటర్ ఉండదు, మొత్తం 12 ఉంటాయి. అవి పై స్థాయి స్వరాలు పుట్టిస్తాయి. వాటి పౌనఃపున్యాన్ని సగం, అందులో సగం చేసుకుంటూ పోతే కింది స్థాయిలు వస్తాయి. చిన్న తరగతుల్లో నేర్చిన అర, పావు, అరపావు లెక్కే! షడ్జం కాస్త జారితే అన్ని స్థాయిల షడ్జాలూ కలిసే జారతాయి. పైగా స్విచ్ వేసినంతసేపూ అవి మోగుతూనే ఉంటాయి. మీట నొక్కడమంటే తలుపు తీయడమే, ఆ తలుపు సందులోంచి ఎప్పుడూ కొంత శబ్దం కారుతుంటుంది. విడివిడిగా రికార్డు చేసిన స్వరాలకు ఈ చుట్టరికం ఉండదు.

యమహా వైసీ-20 ఆర్గాన్‌ను ఇలాగే, లోపాలతో సహా, 'ఫూ వైసీ20' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌గా రాశారు. ఇలాంటి పనిలో చిక్కు ఒకటుంది. చతురస్ర తరంగంలో అనుస్వరాలకు అంతుండదు. సెకనుకు 44,100 నమూనాలు తీసే కంప్యూటర్ 22,050 హెర్ట్‌జ్ దాటినవాటిని పట్టలేదు. అవి వెనక్కి మడతపడి అపస్వరాలవుతాయి. సగం శ్రమ వాటిని ఆపడానికే.

1935లో వచ్చిన హామండ్ ఆర్గాన్ కథ వేరు. అందులో 91 పళ్ళచక్రాలను సింక్రనస్ మోటారు తిప్పుతుంది. శ్రుతి కరెంటు పౌనఃపున్యం చేతిలో ఉంటుంది. అమెరికాలో 60 హెర్ట్‌జ్‌కు చేసినదాన్ని మన 50 హెర్ట్‌జ్‌కు తగిలిస్తే మూడు స్వరస్థానాల పైచిలుకు దిగిపోతుంది. గ్రిడ్ నీరసిస్తే గాయకుడి గొంతూ దిగాల్సిందే! మీట నొక్కినప్పుడు వచ్చే 'టక్' శబ్దాన్ని ఆ కంపెనీవారు లోపమనుకున్నారు. వాయించేవారికి అదే నచ్చింది. ఇప్పుడు డిజిటల్‌గా చేసేవారు దాన్ని పనిగట్టుకుని కలుపుతున్నారు. నా మటుకు, అది తీసేసిన నకలు ఎంత శుభ్రంగా ఉన్నా హామండ్ కాదు.

వైసీ-20 సాఫ్ట్‌వేర్ నా ల్యాప్‌టాప్‌లో ఉంది, కీబోర్డు కూడా తెచ్చాను. భోజనాలయ్యాక హార్మోనియం తెలిసినవారెవరైనా వాయించి చూడండి. ముందు పిల్లలకివ్వండి.