కంచులో కదిలే కండ



విగ్రహం కనబడగానే ముఖం పోలిందా లేదా అని చూస్తాం. ఈ పూట ముఖాన్ని వదిలి ఒంటిని చూద్దాం.

మద్రాసు మెరీనా తీరంలో 1959 నుంచీ ‘ట్రయంఫ్ ఆఫ్ లేబర్’ అనే కంచు శిల్పం ఉంది. దాన్ని చేసిన దేవీప్రసాద్ రాయ్ చౌధురి మద్రాసు చిత్రకళా పాఠశాలకు చాలాకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. మన విజయనగరం చిత్రకారులు అంట్యాకుల పైడిరాజు గారికి ఆయనే గురువు.

ఆ శిల్పంలో నలుగురు కూలీలు ఒక బండను కదిలిస్తున్నారు. వాళ్లకు పేర్లు లేవు. వంగిన వెన్ను, బిగిసిన పిక్కలు, నేలను తన్నిపట్టిన పాదాలు చూస్తే చాలు, బండ ఎంత బరువో తెలుస్తుంది. నెల్లిమర్ల జూట్ మిల్లులో బేళ్లు ఎత్తినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు. బరువు పడేది నడుం మీద. ఆ సంగతి శిల్పికి తెలుసు.

ఇక పైపొర. చోళుల కాలపు కంచు నటరాజు ఒళ్లు నున్నగా ఉంటుంది, వెలుగు దానిమీద జారిపోతుంది. దేవుడి దేహానికి అదే అందం. ఈ కూలీల ఒళ్లు గరుకు. శిల్పి ముందు బంకమట్టిని అద్ది, వేలితో నొక్కి కండ పెంచుతాడు. దానికి అచ్చు తీసి కరిగిన కంచు పోస్తే ఆ నొక్కులన్నీ కంచులోకి దిగుతాయి. వాటిని అరగదీయకుండా ఉంచడం పనిని సగంలో వదిలేయడం కాదు, కావాలని చేసిందే. మిట్టమీద వెలుగు, గుంటలో నీడ పడతాయి. పొద్దు తిరిగేకొద్దీ కండ కదులుతుంది.

ఈ దారి చూపిన ఫ్రెంచి శిల్పి రోదా. 1877లో ఆయన చూపిన నిలువెత్తు బొమ్మ ఎంత సజీవంగా ఉందంటే, బతికున్న మనిషి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. తరవాతి పనుల్లో ఆయన చేతి గుర్తులను దాచలేదు.

పాట్నాలో దేవీప్రసాద్ చేసిన అమరుల స్మారకమూ చూడండి. 1942లో స్వాతంత్ర్యోద్యమంలో తుపాకులకు బలైన ఏడుగురు విద్యార్థుల విగ్రహాలవి. ఒకరు ఒరుగుతున్నా మరొకరు ముందుకే సాగుతారు. ఉద్యమమంతా ఆ అడుగుల్లోనే ఉంది.

అందుకే నా మనవి. విగ్రహం చుట్టూ ఒకసారి తిరగండి, వీపు కూడా చూడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి. రేపు మన కూడలిలో ఎవరి విగ్రహమైనా నిలపాలనుకుంటే, పోలిక ఒక్కటే అడగకండి. ఆ మనిషి చేసిన పని ఆ ఒంట్లో కనబడుతోందా అని అడగండి. అడిగేవాళ్లుంటేనే మంచి శిల్పం పుడుతుంది.