సావేజ్ అను మాట

శ్రోతలారా, ఒక గుంపు ఇండ్లపై బడి కొట్టినను, ఒక కుక్క బాలుని కఱచినను, ఇంగ్లీషు పత్రికలలో ‘సావేజ్’ అను విశేషణము కనబడుచుండును. క్రూరము, అనాగరికము అని మనము దానికి అర్థము చెప్పుకొందుము. కాని ఆ మాట పుట్టినచోట క్రౌర్యము లేదు. లాటినులో ‘సిల్వా’ యనగా అడవి. ‘సిల్వాటికుస్’ అనగా అడవికి చెందినది. అది ఫ్రెంచిలో ‘సోవాజ్’ అయి ఇంగ్లీషునకు వచ్చినది. ఫ్రెంచివారు నేటికిని అడవిపువ్వును ఆ మాటతోనే పిలుతురు. అందు నింద లేదు. ఇంగ్లీషులో మాత్రము నివాసమును దెలుపు మాట నడవడిని దెలుపు మాటయైనది.

మనమును అట్లే చేసితిమి. అడవిమల్లె, అడవితేనె అన్నచో ఎవ్వరును తప్పుపట్టరు. ‘అడవిమనిషి’ అన్నచో తిట్టు. కౌటిల్యుడు ఆఱు విధములైన సేనలలో అటవీబలము నొకటిగా లెక్కించెను. ఆయన వారిని పూర్తిగా నమ్మలేదు గాని, లెక్కలోనివారుగానే చూచెను. నేడు ‘ఆటవికన్యాయ’ మనగా న్యాయమే లేకుండుట!

భద్రాచల ప్రాంతమున ఈ సంగతి మాటలతో పోలేదు. 1879లో రంపదేశమున లేచిన పితూరి ఆ యేడే రేకపల్లి సీమకు ప్రాకినది. ఠాణాలపై దాడులు జరిగినవి. కొండవారి స్వభావమే యంత అనువానికి విచారణ అక్కఱలేదు. విచారించినచో రంపలో కల్లుగీతపై మన్సబుదారు వేసిన చిగురుపన్ను కనబడును. అప్పుల డిక్రీలు చూపి పశువులను తోలుకొనిపోయిన మైదానపు వర్తకులు కనబడుదురు. రేకపల్లి 1874లో మధ్యరాష్ట్రముల నుండి మద్రాసు పాలనలోనికి వచ్చిన పిమ్మట అచ్చట పోడుపన్ను పెంచిరి. కొన్ని అడవులలో పోడు కూడదనిరి. ‘క్రూరజాతి’ అను ఒక్క మాట వీని నన్నిటిని కప్పివేయ జాలును.

ఇదే భద్రాచలమున రాముని విగ్రహములను మొదట కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండు నివేదించినది పోకల దమ్మక్క యను అడవిబిడ్డయని స్థలకథ. ఆ కథను భక్తితో వినువారే ఇంటికి బోయి ‘అడవిమనిషి’ అని పిల్లలను తిట్టుదురు.

2006నాటి అటవీహక్కుల చట్టము తన పీఠికలోనే అడవివాసులకు చారిత్రకముగా అన్యాయము జరిగినదని ఒప్పుకొన్నది. దాని క్రింద హక్కుల కోరికలను మొదట విచారించునది గ్రామసభ. అచ్చట కూర్చుండు పెద్దలలో మీలో పలువురుందురు. ఎవరిపైనైన ఫిర్యాదు వచ్చినచో ‘ఆటవికముగా ప్రవర్తించెను’ అని వ్రాయనీయకుడు. కొట్టినచో ఎవరిని, ఎచ్చట, చెట్లు నఱకినచో ఎన్ని, ఏ దినమున, అది వ్రాయింపుడు.