ఏ యూనివర్సిటీ గొప్పది?

డిగ్రీ పూర్తయిన పిల్లలున్న ఇళ్లలో తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. ఉస్మానియా గొప్పదా, ఆంధ్రా గొప్పదా, సెంట్రల్ యూనివర్సిటీ గొప్పదా?

ఉస్మానియా 1918లో పుట్టింది. పై చదువులంటే ఇంగ్లిషే అనుకునే రోజులవి. ఉస్మానియా ఆ చదువులను ఉర్దూలో చెప్పింది. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే! అందుకు కావలసిన పుస్తకాల కోసం ఒక అనువాద సంస్థనే నడిపారు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ భవనం అందమైనదే. కానీ నాకు మాత్రం ఆ అనువాదాల పనే ఇంకా గొప్పగా తోస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, విశాఖ చేరింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు దాన్ని నడిపించారు. గణాంక శాస్త్రంలో ప్రపంచం మెచ్చిన సి.ఆర్. రావుగారు లెక్కలు చదివింది అక్కడే.

హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ వయసులో చిన్నది. 1974లో, తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత కేంద్రం తెచ్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా వచ్చింది. దాని పేరు పరిశోధనతో వచ్చిన పేరు.

చూశారా? ఒకదానికి భాష, ఒకదానికి మనుషులు, ఒకదానికి పరిశోధన. వీటిని ఒకే తక్కెడలో ఎలా తూస్తాం? అందుకే యూనివర్సిటీ పేరు కన్నా ముందు విభాగాన్ని చూడండి. మళ్లీ చెబుతున్నాను, విభాగాన్ని చూడండి. పాఠం చెప్పేవారు ఎవరు? ఖాళీ పోస్టులెన్ని? ల్యాబు, లైబ్రరీ ఎలా ఉన్నాయి? వీలైతే ఫీజు కట్టేముందే ఒకపూట అక్కడికి వెళ్లి, చదువుతున్న పిల్లలనే అడగండి.