ఎక్స్‌రే మాది, ప్రశ్న ఎవరిది?



రెండేళ్ల క్రితం ఒక పరిశోధన బృందం నన్ను పిలిచింది. డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి రొమ్ము క్యాన్సర్‌ను ముందుగానే గుర్తించే మామోగ్రామ్ మీద, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే మీద పని తలపెట్టారు. సామాజిక శాస్త్రం చదివినదాన్ని కాబట్టి నాకు అప్పజెప్పింది ఒక్కటే: బస్తీ ఆడవాళ్లను ఒప్పించి తీసుకురావడం. ‘ఏం పరిశోధించాలో నిర్ణయించేటప్పుడు వాళ్లనెందుకు పిలవలేదు?’ అని అడిగాను. ‘అది సాంకేతిక విషయం మేడమ్’ అన్నారు. ఈ రోజు ఆ జవాబు గురించే మాట్లాడదలచుకున్నాను.

నేను యంత్రాలకు వ్యతిరేకిని కాను. స్వీడన్‌లో 2021, 2022 సంవత్సరాల్లో లక్షమందికి పైగా స్త్రీలతో ఒక పరిశోధన జరిగింది. సగంమంది ఎక్స్‌రేలను మామూలుగా ఇద్దరేసి రేడియాలజిస్టులు చూశారు. మిగతా సగం ఎక్స్‌రేలను ముందు కృత్రిమ మేధ పరిశీలించింది. ప్రమాదం ఎక్కువగా కనిపించినవాటిని ఇద్దరు, మిగతావాటిని ఒక్కరు చూశారు. ఈ పద్ధతిలో 29 శాతం ఎక్కువ క్యాన్సర్లు బయటపడ్డాయి, ఎక్స్‌రేలు చూసే పని 44 శాతం తగ్గింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే జబ్బు కనుక్కోవడం వేరు, మనిషిని బతికించడం వేరు. కెనడాలో 1980లో మొదలైన పరిశోధనలో 40-59 ఏళ్ల స్త్రీలు దాదాపు 90 వేలమంది పాల్గొన్నారు. 2014లో ప్రచురించిన పాతికేళ్ల ఫలితాల ప్రకారం, ఏటా మామోగ్రామ్ తీసినందువల్ల రొమ్ము క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. దాని పద్ధతిపై వాదాలున్నాయి. కానీ అది లేవనెత్తిన ప్రశ్న మిగిలే ఉంది.

మన దేశానికి వద్దాం. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో లక్షన్నరమంది బస్తీ స్త్రీలతో అధ్యయనం మొదలుపెట్టింది. అందులో సగంమందిని శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితోనే పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. యాభై దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవారిలో తగ్గలేదు. ఖరీదైన యంత్రం కావాలా, చేయి తిరిగిన కార్యకర్త కావాలా అన్నది కేవలం సాంకేతిక విషయమా?

స్కానింగ్ విషయంలో మనం ఒకసారి దెబ్బతిన్నాం. రోగం చూడాల్సిన యంత్రం ఆడపిల్లల్ని ఏరివేసే సాధనమైంది. 1994లో చట్టం వచ్చింది. అయినా ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945మంది ఉన్న ఆడపిల్లలు 2001 నాటికి 927కి తగ్గారు. యంత్రం ఎవరి చేతిలో ఉంది, ఎవరి కోసం పనిచేస్తోంది అని అడగడం మనం అక్కడే నేర్చుకున్నాం.

అందుకే ఆ బృందం ముందు మూడు షరతులు పెట్టాను. ఒకటి, అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, చదవలేనివారికి వివరించి చెప్పాలి, వద్దనే హక్కు ఉండాలి. రెండు, గడ్డ ఉందని తేలితే బయాప్సీ నుంచి చికిత్స దాకా బాధ్యత తీసుకోవాలి. ఆ రోజు కూలి, బస్సు చార్జీలు కూడా లెక్కలో ఉండాలి. మూడు, ఆ ఎక్స్‌రేలు ఏ కంపెనీకి వెళ్తాయో చెప్పాలి, ఆ నిర్ణయం తీసుకునే కమిటీలో బస్తీ స్త్రీలు ఉండాలి.

మొదటి రెండింటికి ఒప్పుకున్నారు. మూడోదానికి ఇంకా ఒప్పుకోలేదు. నేనూ సంతకం పెట్టలేదు. మీ బస్తీకి ఇటువంటి బృందం వస్తే ముందు ఆ మూడో ప్రశ్నే అడగండి.