వాక్కాయ కంచె
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



మన పాఠశాల ఆవరణమునకు ఉత్తరపు దిక్కున కంచె లేదన్న సంగతి మీరెఱుగుదురు. గడచిన మూడేండ్లలో రెండుమారులు మొక్కలు నాటించితిమి. నాటిన దినమున సభ జరిగినది; ఛాయాచిత్రములును తీయించుకొంటిమి. వేసవి సెలవులు వచ్చినవి. నీరు పోయువారు లేక కొన్ని మొక్కలు ఎండినవి. తక్కినవానిని మేకలు మేసినవి. ఆ తప్పు మొక్కలది కాదు, మేకలది కాదు. తోటపని చూచు మాది. ఈ యేడు మరల నాటబూనుచున్నాము గనుక, ఏ మొక్క నాటవలెను, దానినెట్లు కాపాడవలెను అను రెండు విషయములను మీకు మనవి చేసికొందుము.

మేము ఎంచుకొన్నది వాక్కాయ. ఇది మన దేశమునకు స్వంతమైన పొద. సంస్కృతమున దీనిని కరమర్దమందురు. మన ఇరుగుపొరుగు తమిళ సోదరులు కళాక్కాయ్ అందురు. ఇది గన్నేరు, నందివర్ధనముల కుటుంబములోనిది. ఏడాది పొడుగునను పచ్చగా నుండును. ఆకులు దళసరివి, నిగనిగలాడునవి. కొమ్మలకు జంటలుగా గట్టి ముండ్లుండుటచే ఎదిగిన పొద జోలికి పశువులు రావు. వేసవి మొదట మల్లెలను బోలిన తెల్లని పూలు పూయును. వానకాలమున కాయలు పండును. రాతినేలనైనను, నీటి ఎద్దడినైనను ఓర్చును. నీరు నిలుచు చోటు మాత్రము దీనికి పనికిరాదు.

పెంపకము సులభము. బాగుగా పండి నల్లబడిన పండ్లనుండి గింజలు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి, కొద్ది దినములలోనే చల్లవలెను. నిలువయుంచిన గింజ మొలకెత్తు శక్తిని త్వరగా కోల్పోవును. ఆగస్టులో చల్లిన గింజల మొక్కలను మరుసటి యేడు ఈశాన్య ఋతుపవనపు వానలతో, అనగా అక్టోబరులో, నాటవచ్చును. అడుగు లోతు, అడుగు వెడల్పు గల గుంట త్రవ్వి, మట్టిలో చివికిన పశువుల ఎరువు కలిపి, రెండేసి అడుగుల ఎడముతో నాటవలెను.

మొక్క అడుగు ఎత్తు పెరిగి నిలదొక్కుకొన్న పిదప కొన త్రుంచవలెను. అప్పుడు మొదటినుండియే కొమ్మలు చీలి కంచె చిక్కనగును. అట్లు చేయనిచో పైన గుబురై, క్రింద సందులేర్పడును; మేక ఆ సందుననే దూరును. ఆ పిమ్మట ఏటేట కాయలు కోసిన తరువాతనే కత్తిరింపవలెను. పూత క్రొత్త కొమ్మల కొనలందు వచ్చును గనుక, పూతకు ముందు కత్తిరించినచో ఆ యేటి కాపు పోవును. ముండ్లపొద కావున చిన్నపిల్లలు పరుగెత్తు బాట ప్రక్కన నాటరాదు. కాయ కోసినచో పాలు కారి చేతికి జిగురుగా అంటును. ముందుగా చేతులకు నూనె రాచుకొనుట మంచిది.

మూడవ యేటినుండి కాపు మొదలగును. పప్పునకు, పచ్చడికి, ఊరగాయకు, పులిహోరకు వాక్కాయ ఎట్టిదో గృహిణులకు మేము చెప్పనక్కరలేదు. అంగళ్లలో రొట్టెలపై చెర్రీ యని అమ్మునది పలుమారులు రంగువేసి పాకము పట్టిన వాక్కాయయే. ఈ జాతిదే కలివి పొద. కడప ప్రాంతపు మెట్టలలోని కలివికోడి యను పక్షికి ఆ పొదవలననే పేరు వచ్చినదందురు. అంతరించినదని తలచిన ఆ పక్షి 1986లో అక్కడి చిట్టడవిలో మరల కనబడినది. ముండ్లపొదయే గదా యని నరికివేసిన చోట అట్టి జీవములకు నిలువ నీడ యుండదు.

ఒకనాడు ఏడవ తరగతి పిల్లలకు ఈ కాయను చూపి పేరడిగితిమి. దాదాపు అందఱును కళాక్కాయ్ అనిరి. వాక్కాయ యని ఒక్క బాలిక మాత్రమే చెప్పినది. అదియు అమ్మమ్మ నోట విన్నదట. కళాక్కాయ్ అనుట తప్పు కాదు. ఈ నేల మాట వారికి రావలసినదే. కాని రెండవ పేరు పిల్లలకు ఇంటిలోనే అందవలెను. బడిలో మేము నేర్పగలిగినది కొంతయే.

కడపట మా కోరిక యొక్కటి. ఒక్కొక్క కుటుంబము ఐదేసి మొక్కల భారము వహింపవలెను. మొదటి రెండు వేసవులలో వారమునకు రెండు సాయంకాలములు పిల్లలతో వచ్చి నీరు పోయవలెను. అవి ఎదుగువఱకు చుట్టును ముండ్లకంప మేము వేయింతుము. ఈ రెండేండ్లు ఆ మొక్కలకు మనము కంచె. ఆపైన అవి మన పిల్లలకు కంచె. పేర్లు వ్రాసికొనుటకు పుస్తకము ద్వారముకడ నున్నది. ఛాయాచిత్రము ఈమారు రెండేండ్ల తరువాత తీయించుకొందము.