దుర్మార్గానికి రోగం పేరు

ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆ డాక్టరుగారు తన వార్డులో ‘పిచ్చి’ అన్న మాట వినబడితే ఊరుకునేవారు కారట. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఘోరమైన హత్య జరిగిన మర్నాడు పేపరు తెరిస్తే ‘ఉన్మాది ఘాతుకం’ అని ఉంటుంది. నిందితుణ్ణి డాక్టరు ఇంకా చూడనే లేదు. రోగం మాత్రం డెస్కులోనే తేలిపోతుంది. చదివే మనకూ అదే హాయి. వాడి సంగతి వేరు, మన సంగతి వేరు అనుకోవచ్చు.

అది ఎంతవరకు నిజమో పరీక్షించే అవకాశం 1945లో వచ్చింది. నూరెంబర్గ్ జైల్లో నాజీ పెద్దలు విచారణకు ఎదురుచూస్తున్నారు. అమెరికన్ సైన్యపు మానసిక వైద్యుడు డగ్లస్ కెల్లీ, సైకాలజిస్టు గుస్తావ్ గిల్బర్ట్ వాళ్ల గదుల్లోకే వెళ్లి కూర్చుని, సిరా మరకల కార్డులు చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమన్నారు. తెలివీ కొలిచారు. వాళ్లలో ఒకడైన గోరింగ్‌కు ఐక్యూ 138 వచ్చింది. మరో ఖైదీ రుడాల్ఫ్ హెస్ ఏదీ గుర్తులేదని చెబుతూ వచ్చి, ఒకనాడు కోర్టులో లేచి అదంతా నటనేనన్నాడు. ఆ మాటైనా ఎంత నిజమో డాక్టర్లకు అనుమానమే.

వీళ్లకు ప్రత్యేకమైన జబ్బేమీ లేదు, ఇలాంటివాళ్లు ఏ దేశంలోనైనా దొరుకుతారని కెల్లీ తేల్చాడు. గిల్బర్ట్ ఒప్పుకోలేదు, వీళ్లలో సైకోపాత్‌లున్నారన్నాడు. 1947లో ఇద్దరూ చెరో పుస్తకం వేశారు. 1976లో మోలీ హారోవర్ ఆ మరకల జవాబులను ఇతరుల జవాబులతో కలిపి, పేర్లు దాచి నిపుణులకిస్తే, వాళ్లు నాజీలెవరో విడదీయలేకపోయారు. నేను కెల్లీ పక్షం. అలాగని గిల్బర్ట్‌ను పూర్తిగా తోసిపుచ్చలేను. అమెరికన్ వైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లోనే సైకోపాత్‌ల గురించి రాశాడు: భ్రమలుండవు, మాటతీరు ముచ్చటగా ఉంటుంది, తప్పొప్పులు నోటితో చెప్పగలరు, ఎదుటివాడి బాధ మాత్రం మనసుకు తాకదు.

చట్టం వీళ్లను వదిలిపెట్టదు. అది వదిలేది వేరే మనిషిని. 1843లో లండన్‌లో డేనియల్ మెక్‌నాటన్, టోరీలు తనను వేటాడుతున్నారన్న భ్రమలో ప్రధాని రాబర్ట్ పీల్ కార్యదర్శిని కాల్చి చంపాడు. శిక్ష పడలేదు, మిగిలిన జీవితం మానసిక ఆస్పత్రుల్లోనే గడిచింది. ఆ కేసు మీద పుట్టిన సూత్రమే మన శిక్షాస్మృతిలో 84వ సెక్షనైంది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్. చేస్తున్న పనేమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో గ్రహించే శక్తి ఆ సమయాన లేకపోతేనే మినహాయింపు. ఫలానా డాక్టరు దగ్గర మందులు వాడుతున్నాడన్న చీటీ ఒక్కటే సరిపోదు. జబ్బూ నేరమూ నిజంగా కలిసే చోటు ఇంత ఇరుకు. జబ్బున్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్లే.

ఎంత దెబ్బో అదే జర్మనీలో చూడండి. 1939 నుంచి మానసిక ఆస్పత్రులకు ఫారాలు వచ్చాయి: పేరు, జబ్బు, ఎన్నేళ్లుగా ఉన్నాడు, పని చేయగలడా. నింపిన ఫారాలు మనోవైద్యుల బల్లల మీదికి చేరేవి. రోగి ముఖం చూసే పని లేదు. ఎర్ర పెన్సిలుతో ప్లస్ గుర్తు పెడితే చావు, నీలం పెన్సిలుతో మైనస్ పెడితే బతుకు. 1941 ఆగస్టులో ఈ పథకం ఆపే నాటికి గ్యాస్ గదుల్లో పోయినవాళ్లు నాజీల లెక్క ప్రకారమే 70,273 మంది. ఆ తర్వాత ఆకలితో, మందులతో చంపడం సాగుతూనే ఉంది. హడమార్ ఆస్పత్రిలో పదివేలవ శవాన్ని దహనం చేసినప్పుడు సిబ్బందికి బీరు పోశారు.

ఈ పథకానికి వైద్య విభాగం పెద్ద వెర్నర్ హైడే, వుర్జ్‌బర్గ్‌లో మనోవైద్య ప్రొఫెసర్. యుద్ధం ముగిశాక పట్టుబడి, తప్పించుకుని, ఫ్రిట్జ్ సావాడే అని పేరు మార్చుకున్నాడు. 1959లో లొంగిపోయేదాకా ఉత్తర జర్మనీలో ప్రాక్టీసు చేశాడు. అక్కడి కోర్టులు మనుషుల మానసిక స్థితి గురించి అభిప్రాయం కావాల్సి వచ్చినప్పుడు ఆయన్నే అడిగేవి.