పడవ యెక్కువారికి కొన్ని మాటలు

(పురుషోత్తంపూర్ ఆంధ్ర సోదరుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రాబోవు కార్తికమాసమున వనభోజనములకై చిలికా సరస్సునకు పోయి, కాళీజాయి అమ్మవారిని దర్శించి రావలెనని మన సంఘము నిశ్చయించినది. ఖర్చుల పట్టిక వ్రాయు పని నాకు అప్పగించినారు. వంట సామగ్రి, బండి కిరాయి, పడవ కిరాయి అను వాని క్రింద ‘పిల్లలకు లైఫ్ జాకెట్లు’ అని నేనొక పద్దు చేర్చగా కొందరు పెద్దలు నవ్విరి, కొందరు కోపగించుకొనిరి. ‘చిలికాలో మొలలోతు నీరే గదా, పడవవాని వద్ద జాకెట్లు ఉండనే యుండును, మరల మనమేల కొనవలెను?’ అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. పైకము సంఘమునది గనుక జవాబు చెప్పుట నా విధి.

కాళీజాయి కథ మనలో తెలియనివారు లేరు. పెండ్లియై అత్తవారింటికి పోవుచున్న జాయి అను పిల్ల తండ్రితో కూడ పడవలో చిలికాను దాటుచుండగా గాలివాన వచ్చి పడవ బోల్తాపడెననియు, తక్కినవారు బ్రతికిరి గాని పిల్ల దక్కలేదనియు, ఆమెయే ఆ దీవియందు దేవతయై వెలసెననియు చెప్పుదురు. మకర సంక్రాంతికి వేలకొలది జనము పడవలమీదనే పోయి ఆమెకు మ్రొక్కుదురు. నీటిపాలైన పిల్లకు మ్రొక్కుటకు పోవుచు, మన పిల్లలను ఏ రక్షణయు లేక పడవ యెక్కించుట నాకు విడ్డూరముగా తోచుచున్నది.

చిలికాలో చాలచోట్ల లోతు తక్కువ యనుట నిజమే. కాని మనకు మొలలోతైనది ఐదేండ్ల పిల్లకు తల మునుగు లోతు. అడుగున బురద, నాచు. పడవ బోర్లపడినచో దాని క్రిందనే మనుష్యులు చిక్కుకొందురు. పైగా కార్తికమాసము తుపానుల కాలము. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్ద తీరము తాకిన రాత్రి మన జిల్లా యెట్లుండెనో ఎవరికిని చెప్పనక్కరలేదు. అంతటి గాలి రాకున్నను, మధ్యాహ్నము దాటిన పిదప చిలికాలో అల లేచుటకు పావుగంట చాలును.

ఇక జరిగిన సంగతులు చూడుడు. 2014 ఫిబ్రవరి 9న మన రాష్ట్రముననే హీరాకుడ్ జలాశయమునందు వనభోజనములకు పోయి మరలి వచ్చుచున్న పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయిరి. మోయగల దానికన్న మిక్కిలి ఎక్కువమంది ఎక్కియుండిరి. 2017 నవంబరు 12న, కార్తికమాసముననే, విజయవాడ కడ కృష్ణలో పవిత్ర సంగమమునకు పోవుచున్న పడవ తిరుగబడి 20 మందికి పైగా మరణించిరి. వారిలో పలువురు ఒంగోలు వారు. ఆ పడవకు అనుమతి లేదు, ఎక్కినవారి ఒంటిపై జాకెట్లును లేవు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరదలో నుండగా, పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద మునిగినది. అందు 77 మంది యుండగా 26 మంది మాత్రమే బ్రతికిరి. వారిని ఒడ్డునకు చేర్చినవారు ఆ తీరపు గిరిజనులు. కాకినాడ నుండి వచ్చిన ధర్మాడి సత్యం గారి బృందము అక్టోబరు 22న గాని ఆ పడవను పైకి తీయలేకపోయినది. ఈ మూడును ఆదివారములే. మనవలెనే సెలవునాడు సంతోషముగా పిల్లలతో బయలుదేరిన కుటుంబములే.

కచ్చులూరు సంగతిలో నా మనస్సును కలచివేసినది ఒకటి కలదు. ఆ పడవలో జాకెట్లు ఉండెను. ఉక్కగా నున్నదనియు, భోజనమునకు అడ్డమనియు కొందరు విప్పి ప్రక్కన పెట్టిరని బ్రతికివచ్చినవారు చెప్పగా పత్రికలు వ్రాసినవి. పడవలో నున్న జాకెట్టు వేరు, ఒంటిమీద నున్న జాకెట్టు వేరు. పడవ తిరుగబడునప్పుడు వెదకి, విప్పి, తొడిగి, బొత్తాములు పెట్టుకొనుటకు ఎవరికిని వ్యవధి యుండదు. అమెరికా దేశపు లెక్కలలో, పడవ ప్రమాదములందు మునిగి చనిపోయినవారిలో పదింట ఎనిమిదిమందికి పైగా జాకెట్టు తొడుగనివారే.

ఈతగాండ్రకు దానితో పని లేదనువారు గలరు. గోపాలపురమునను పూరీ తీరమునను సముద్రస్నానము చేయువారిని కాపాడు నోలియాలు మన తెలుగు మాటలాడువారే, నీటిలో పుట్టి పెరిగినవారే. అట్టివారితో అంగడివద్ద కూర్చుండు మనము పోల్చుకొనరాదు. ఋషికుల్యలో బాల్యమున ఈదినవాడు, నలువదియేండ్లకు పంచెతో, బొజ్జతో, చంకనొక బిడ్డతో ఈదగలడా?

జాకెట్టు చేయు పని చిన్నదే. నీటిలో మనుష్యుని బరువు మిక్కిలి తగ్గును. సుమారు ఐదు కిలోల తేలికదనము అదనముగా దొరకినచో పెద్దవాని తల నీటిపై నిలుచును. పూర్వము దీనిని బెండుతో చేసిరి. 1861 ఫిబ్రవరి 9న ఇంగ్లండులో విట్బీ రేవున ప్రాణరక్షక నావ తిరుగబడి 13 మంది నావికులలో 12 మంది చనిపోగా, హెన్రీ ఫ్రీమన్ అను నతడొక్కడే బ్రతికెను. క్రొత్తగా వచ్చిన బెండు జాకెట్టును తొడిగినవాడు అతడొక్కడే. తరువాతి కాలమున మన తలగడలలో కూరు తెల్లబూరుగు దూదినే జాకెట్లలోను కూరిరి. ఇప్పుడు నురుగు పలకలు వచ్చినవి.

వర్తకుడను గనుక సరకు సంగతి కొంత చెప్పగలను. మంచి జాకెట్టు లోపల చీటీ యుండును. దానిపై ఎంత బరువువారికి తగునో, ఎన్ని న్యూటన్ల శక్తి గలదో వ్రాసియుండును. 100 న్యూటన్లనగా సుమారు పది కిలోలను తేల్చు శక్తి. 50 అని యున్నది ఒడ్డు దగ్గర ఈత వచ్చినవారికి మాత్రమే. మెడవెనుక దిండు గలది శ్రేష్ఠము, స్మృతి తప్పినవాని ముఖమును నీటిపై నుంచుటకు అది తోడ్పడును. పెద్దవారి జాకెట్టు పిల్లకు తొడిగినచో పిల్ల క్రిందికి జారిపోవును, జాకెట్టు మాత్రము తేలుచుండును. నా పద్దులో పిల్లల మాటయే వ్రాసితిని గాని పెద్దల మాట వ్రాయకపోవుటకు ఇదియే హేతువు. రేవులందు పిల్లల కొలతలవి అరుదు. తొడిగిన పిదప భుజములు పట్టి పైకి లాగి చూడవలెను. చెవులదాక లేచినచో అది పనికిరాదు. చిన్నపిల్లలకు కాళ్ళమధ్య పట్టీ తప్పక యుండవలెను. తల్లులు చీర కొంగును నడుమున దోపి, దాని మీదుగా జాకెట్టు తొడిగి అన్ని కొక్కెములు పెట్టుకొనవలెను. పీటగా వేసికొని కూర్చుండిన జాకెట్టులో నురుగు నలిగి చెడును. ఎండకు రంగు వెలిసి కుట్లు వదలిన దానిని పడవవాడు ఇచ్చినచో మార్చి ఇమ్మని అడుగుటకు సిగ్గుపడవలదు. ఒక పెండ్లిచీర వెలతో పిల్లల జాకెట్లు మూడో నాలుగో వచ్చునని కోపగించిన పెద్దలకు మనవి చేయుచున్నాను.

పడవ త్రాసువంటిది. సాతపడా వైపున డాల్ఫిన్ కనబడినదని ఒకడు కేకవేయగా అందరును ఆ ప్రక్కకే ఉరుకుదురు. ఫోటోల కొరకును అంతే. ఒక తట్ట బరువెక్కగా రెండవ తట్ట లేచును. కూర్చున్నచోటనే చూడవలెను. తలుపులు మూసిన అరలో ఎవరును కూర్చుండరాదు. 1917 నాటి పాత శాసనమునకు బదులు 2021లో వచ్చిన దేశీయ జలయానముల శాసనము మరపడవలకు రిజిస్ట్రీని, తనిఖీని, ప్రాణరక్షణ సామగ్రిని విధించినది. రిజిస్ట్రీ సంఖ్యయు, ఎక్కదగిన వారి సంఖ్యయు కనబడని పడవకు మన పైకము ఇయ్యరాదు.

బండి మాటయు చెప్పవలెను. ట్రాక్టరు ట్రాలీలో పోయినచో బస్సు కిరాయి మిగులునని ఒకరు సెలవిచ్చిరి. ట్రాలీ వడ్లబస్తాలకు, మనుష్యులకు కాదు; శాసనమును ఒప్పదు. దానిని ట్రాక్టరుకు కలుపునది ఒక్క ఇనుప చీల. గోతిలో ఎగిరి ఆ చీల ఊడినచో ట్రాలీ తన దారి తాను పోవును. పలు ట్రాలీలకు వెనుక ఎర్రదీపమైన ఉండదు, మనము మరలునది చీకటిపడిన తరువాత. ఈ విషయమున నేను బేరమాడను, బస్సునే కుదుర్చవలెను.

రేవున కట్టిన హెచ్చరికల పలకలను మన ముసలమ్మలలో పలువురు చదువలేరు. అందుచేత బస్సులోనే ఈ సంగతులను తెలుగున చదివి వినిపింపవలెనని మన యువకులిద్దరిని కోరితిని, వారు అంగీకరించిరి. ఉదయముననే దాటి, మూడు గంటలలోపల ఒడ్డు చేరవలెను. గాలి యున్నచో పడవ యెక్కము. రంభ ఒడ్డుననే వండుకొని, అమ్మవారికి ఒడ్డునుండియే నమస్కరింతము.

జాకెట్లు బరువును బట్టి తెప్పింపవలసియున్నది. పండ్రెండేండ్ల లోపు పిల్లలు గలవారు వచ్చే ఆదివారములోగా వారి పేర్లును, బరువులును నాకు వ్రాసి ఇయ్యవలెను. బరువు తెలియనివారు పిల్లలను మా అంగడికి పంపినచో బియ్యపు కాటామీద నేనే తూచి వ్రాసికొందును.